పదును లెక్క

సలోమి సిస్టరు గడపలో చెప్పులిడిచి
మొదట అడిగిన మాట:
"ఇంట్లో పదునుండేవి ఎన్నున్నాయి?"
నవ్వొచ్చింది నాకు.
ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే కొంప ఇది,
పదును కాకుండా ఇంకేముంటుంది తల్లీ?

లెక్కబెట్టినాం.
ఉలులు పందొమ్మిది. ఆకురాళ్లు తొమ్మిది. రంపాలు ఐదు.
బాడిసెలు రెండు. మా నాయన పిడి వేసుకున్న కత్తులు ఏడు.
కూరగాయల కత్తిపీట.
నలభైమూడు.
గోతాంలో కట్టి పక్కింటి కాశింబీ మంచం కిందికి తోసొచ్చినా.
భుజాన మోస్తుంటే గలగలమన్నాయి
కాపరానికి పంపే సామానులాగా.

జైనాబీ గోడకేసి కూర్చోనుంది.
గోడలో ఎవరో చెక్క నూరుతున్నారు ఆమెకు,
మూడు దినాలుగా, ఆపకుండా.
"నా పేరు అరగదీస్తా ఉండారు" అనింది.
"ఇంక 'బీ' ఒకటే మిగిలింది."

కావలి డాక్టరు దాచకుండా చెప్పినాడు.
మంచం ఖాళీ ఉంది, చేర్చమంటే చేరుస్తా.
ఇల్లే అంటే, వింజమూరు నుంచి మా మనిషి రోజూ వస్తుంది.
రాత్రిపూట ఒకరు మేలుకోవాల.
మాత్ర మింగినాక నాలుక కింద చూడాల.
చెయ్యి దాటితే ఏ జామైనా ఫోను చెయ్యి,
ఆస్పత్రికి రావడం ఓడిపోవడం కాదు.

ఆమె నా చొక్కా కొస పట్టుకోనుంది.
పోయిన తూరి వార్డులో
చేతులు కట్టిన గుడ్డ రంగు ఆమె మరవలేదు.
ఆకుపచ్చ.
ఆ రంగు చీర మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఇంటికే తెచ్చుకున్నా.

ఏయస్ పేటకు తీసకపోరాదా అన్నారు.
మా అమ్మ తాయెత్తు తెచ్చింది.
సిస్టరు దాన్ని కళ్లకద్దుకుని
"తాడు పొడుగుంది, మెడకొద్దు, చేతికి కడదాం" అనింది.
అంతే అనింది.
తర్వాత చాపమీద కూర్చోని
ఉప్పుకాయితం తీసుకోని
నిరుడు మిగిలిపోయిన చెంచాలు రుద్దతా ఉండిపోయింది గంటసేపు,
మాటల్లేకుండా.
పోయేముందు చూస్తే
జైనాబీ చేతిలో కూడా ఒక కాయితం ముక్క.

తొమ్మిదోరాత్రి నాకు కునుకు పట్టింది.
లేచేసరికి తలుపు బార్లా.
దుర్గం దారిలో, మూసిన టీ బంకు రేకు మీద
చెవి ఆనించి నిలబడుంది.
ఫోను చేసినా. వేళ్లు వణికి రెండుసార్లు తప్పు నొక్కినా.
"కాళ్లకు చెప్పులున్నాయా?" అనడిగింది సిస్టరు.
ఉన్నాయి.
"అయితే పక్కన నడువు. ముందు నడవబాక. ఫోను పెట్టేయబాక."
జేబులో ఆ ఫోను ఊపిరి తీస్తుంటే
తెల్లారిందాకా నడిచినాం ముగ్గురం.

అంతా ఓర్పే అనుకోబాకండి.
మర్నాడు అరిచినా ఆమె మీద. గిన్నె విసిరినా.
హైదరాబాదు కొట్టాయన అడ్వాన్సు తిరిగియ్యమన్నాడు.
ఆ మంచం ఇంకా ఖాళీగానే ఉందేమో
అని ఒక మధ్యాన్నం గట్టిగానే అనుకున్నా.

ఇరవైరెండో దినం
పులుసు నోట్లో పెట్టుకోని మొహం చిట్లించింది.
"ఉప్పెయ్యడం ఎవురు నేర్పించినారు నీకు?"
ఆ తిట్టు సిస్టరుకు ఫోనులో చెప్పినా,
ఎవరో పాసైనట్టు.

మరో పదిదినాలకు గోతాం ఇంటికొచ్చింది.
జైనాబీయే పరిచింది, చాపమీద, ఒక్కొక్కటి.
"ఒకటి తక్కువుంది."
లేదే, నలభైమూడూ ఉండాయి.
"నలభైనాలుగు.
గరిటె గుంట తీసే వంకీ ఉలి.
నువ్వు లెక్కలో మరిచిపోయినావు.
బియ్యం డబ్బాలో ఉండె."

నా నోరు ఎండిపోయింది.

"నాలుగోనాడే సిస్టరు చేతికిచ్చేసినా" అనింది.

నాలుగోనాడు.
పేరు అరిగిపోతా ఉన్ననాడు.
నేను తలుపుకు అడ్డం పడుకోని
ఆమెను కాపాడతా ఉండాననుకున్ననాడు.

సాయంత్రం సిస్టరు స్కూటీ డిక్కీలోంచి
చేతిగుడ్డలో చుట్టిన ఉలి తీసింది.
నేను చెయ్యి చాపినా.
నన్ను దాటి, జైనాబీకిచ్చింది.

ఇప్పుడు రాత్రి పదకొండు.
బిక్కి చెక్కలో గుంట తీస్తా ఉంది.
కరకరమని ఆ శబ్దం,
గోడలోంచి కాదు, నట్టింట్లోంచి.
నేను మేలుకోనక్కర్లేదని చెప్పి
నాలుగు దినాలైంది.
రెండుసార్లు తలెత్తి చూసినా.
"పడుకోబ్బా" అనింది
చెక్క మీంచి కళ్లు తీయకుండానే.